తిప్పమ్మ కంబళి పేజీ

నాగలమడిక నుంచి పావగడ దాకా బస్సులో నిలబడి వచ్చినా పుష్పావతి కోపం చల్లారలేదు సరికదా, ఇంకా మసిలింది. బస్టాండు వెనక గోపికృష్ణ కంప్యూటర్ సెంటర్లోకి చెప్పులు కూడా విడవకుండా పోయి, అతని ఎదురుగా కూర్చుంది.

"నల్ల కంబళి అని గూగుల్లో కొట్టు. మా పేరు యాడుండాదో చూపీ."

గోపికృష్ణ కొట్టాడు. మొదటి పేజీలో లేదు. రెండోదాంట్లో లేదు. ఐదో పేజీ దాకా పోయి గొంతు సవరించుకున్నాడు. మూడు నెలల కిందట ఇదే మాట కొడితే అందరికన్నా పైన పుష్పావతి ఇంటి కంబళే కనపడేది.

"పోటీ ఎక్కువైనాదక్కా. అందరికీ ఇట్లే ఉండాది."

"పోటీ ముందు లేదా? నువ్వు సైటును కొత్త సర్వర్‌కు మార్చిన వారం నుంచే గదా మాకు ఫోన్లు నిలిచిపోయినాయి?"

నోరు తెరిస్తే ఏడుపో తిట్టో వచ్చేట్టుంది ఆమెకు. మేత బయళ్లలో సోలార్ పలకలు పరుచుకున్నాక ఊళ్లో చాలామంది గొర్రెలు అమ్ముకున్నారు. మగ్గం మిగిలింది వీళ్ల ఒక్క ఇంట్లోనే. నేల తవ్వి నిలిపిన ఆ గుంతమగ్గం కూడా అమావాస్య దాకానే. ఈలోగా ఒక్క ఆర్డరన్నా రాకపోతే గుంత పూడ్చి, పలకలు కడిగే కూలికి పోతానని మొగుడు చిన్నన్న తేల్చి చెప్పేశాడు. చింతగింజల గంజి పట్టించి, ఎండబెట్టి మడిచిన కంబళ్లు అడిగే దిక్కులేక మూల పడి ఉన్నాయి.

పుష్పావతి కొంగుముడి విప్పి ఒక అట్టచీటీ తీసింది. ప్రతి కంబళికీ అలాంటి చీటీ కుట్టి పంపడం వాళ్ల పద్ధతి. దానిమీద ఆ కంబళి పేజీ అడ్రసు ఉంటుంది. ఏ గొర్రెల బొచ్చు, ఎవరు వడికారు, ఎవరు నేశారు అన్నీ ఆ పేజీలో ఉంటాయి.

"ఇది కొట్టు. మా అత్త తిప్పమ్మ పోయేముందు నేసిన కడాకరి కంబళిది."

కొట్టాడు. కంబళి రాలేదు. సైటు ముందుపేజీ వచ్చింది. దానిమీద పొద్దుపొడుపులో మెరుస్తున్న సోలార్ పలకల బొమ్మ.

"తిప్పమ్మ పేజీ యాడప్పా?"

"అది అమ్ముడుపోయిన కంబళి గదక్కా. అట్లాటివి నూటా నలభై పేజీలుండె. దండగని తీసేసినా. పాత అడ్రసుకు ఎవరొచ్చినా ముందుపేజీకి పోయేట్టు రీడైరెక్ట్ పెట్టినా. ఒక్క లైనుతో అయిపోయినాది." మెచ్చుకోలు కోసం చూస్తున్నట్టు చెప్పాడు మహానుభావుడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత ఇతన్ని చూసే పుట్టి ఉండాలి.

"దండగా? పత్రికలో మా గురించి రాసిన ఆయప్ప అడ్రసిచ్చింది ఆ పేజీదే. కాలేజీ అయ్యవార్లు వాళ్ల సైట్లో చూపిచ్చింది ఆ పేజీనే. వాళ్లందరూ చూపిచ్చినారనే గూగుల్లో మేము పైనుంటిమని డిప్లొమా చదివే మా బిడ్డ రక్షితకు తెలుసు. సెంటర్ పెట్టుకోని కూచున్న నీకు తెలీదా?"

ఆమె ఆపలేదు.

"మా నాయన మందను మార్చినప్పుడు దారి చీలినచోటల్లా కొమ్మ విరిచి రాయి కింద పెడ్తాండె. సంగటి ఎత్తుకోని నేను ఎనకాల పోవల్ల గదా! ఒక్క చీలిక కాడ మరిచినా ఆ పొద్దు ఆయనకు పస్తే. నువ్వేం చేసినావు? ఊరి ముందర ఒక కొమ్మ నాటి, అందరూ ఈడికే రాండి అన్నావు. వచ్చినోడికి మంద యాడ కనపడల్ల?"

"ఇప్పుడేం చేసేదక్కా? పాత సర్వర్ మూసేసినా. కాపీ పెట్టుకోలేదు. నూటా నలభై అడ్రసులు ఎవరికి గుర్తుంటాయి?"

పుష్పావతి సంచిలోంచి ఒక దండ తీసి బల్లమీద పడేసింది. ఉన్నిదారానికి గుచ్చిన చీటీలు. తిప్పమ్మకు చదువు రాదు. అయినా ఇల్లు దాటిన ప్రతి కంబళికీ జోడు చీటీ రాయించి, దాని ఉన్నిపోగుతో కట్టి దండకు గుచ్చేది. పోయిన గొర్రెకు దొడ్లో ఒక గుర్తుండల్ల అనేది. చచ్చిపోయే ముందు వారం కూడా ఒకటి గుచ్చింది. ఆ తర్వాత పుష్పావతి గుచ్చుతూ వచ్చింది.

"బొమ్మలూ రాతలూ రక్షిత ఫోన్లో ఉండాయి, అడిగితే నీకు పంపిస్తాది. ఏ పేజీని ఆ పేజీ మళ్లా పెట్టు. ఏ పాత అడ్రసును దాని పేజీకే మళ్లిచ్చు. మొదట మా అత్తది."

"అన్నీ ఈ పొద్దేనా? ఆకలైతాందక్కా."

"మాకు మూడు నెలల్నుంచి అయితాంది. కొట్టు."

ఆమె చదివింది, అతను కొట్టాడు. మధ్యాహ్నం దాటింది, దీపాలు పెట్టే వేళయింది. టీ తెప్పిస్తానంటే వద్దంది. సోలార్ పలకల బొమ్మ కూడా తీయించింది. చివరి చీటీ అయ్యాక గోపికృష్ణ కళ్లు నులుముకుంటూ, "రేపే పైకి రాదక్కా. వారాలు పడ్తాది. పాత చోటు మళ్లా దొరుకుతాదో లేదో నేను చెప్పలేను" అన్నాడు. ఆ పొద్దంతా అతని నోట వచ్చిన నిజం అదొక్కటే.

అమావాస్య వచ్చింది. గూగుల్లో వెతికితే మూడో పేజీలో కనపడుతున్నారు. ఫోను మాత్రం మోగలేదు. చిన్నన్న పొద్దున్నే పార తీసుకున్నాడు. పుష్పావతి వద్దనలేదు. ఏమని వద్దంటుంది? ఒక్కో పార మన్ను పడుతుంటే గోపికృష్ణనూ, మొగుణ్ణీ, తననూ వరసగా తిట్టుకుంటూ గడపలో కూర్చుంది.

గుంత సగం పూడినప్పుడు ఫోను మోగింది. మైసూరు నుంచి ఎవరో ఆడమనిషి, కన్నడంలో మాట్లాడింది. ఎప్పటిదో పత్రికను ఆన్‌లైన్లో చదివి, అందులోని అడ్రసు నొక్కితే తిప్పమ్మ కంబళి పేజీ వచ్చిందట. తిప్పమ్మ చేతివే నాలుగు కావాలట.

అత్త పోయి రెండేళ్లయిందనీ, ఆమె కొడుకు నేస్తాడనీ, కావాలో వద్దో ఇప్పుడే చెప్పమనీ పుష్పావతి గద్దించినట్టే అడిగింది. అవతలినుంచి, కావాలన్న జవాబే వచ్చింది.

చిన్నన్న పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏంది చూస్తావు?" అని అరిచింది పుష్పావతి. అప్పటికే కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపం మాత్రం తగ్గలేదు. "పూడ్చిన చేతులు నీవే గదా? తవ్వు."