మిషను మీద చెయ్యి

మరదలిని కాటికి సాగనంపి వచ్చి కాజాలక్క ఇంకా నడుం వాల్చలేదు. కుట్టుషెడ్డు మేస్త్రీ మనుషులిద్దరు ఇంట్లో జొరబడి కుట్టుమిషన్ను వీధిలోకి ఈడ్చుకొచ్చారు. సూది కింద సగం కుట్టిన చొక్కా కాలరు ఇంకా అలాగే ఉంది. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కుడుతూ కుడుతూ దాని మీదే ఒరిగిపోయింది ఆ పిల్ల. ఒకడు ఆ కాలరును లాగి అవతల పారేశాడు.

"బాకీ కిందే కదరా ఇన్నాళ్ళూ కూలీలో కోసుకున్నారు!" అంది కాజాలక్క.

"అదంతా వడ్డీకే పోయిందట. అసలు అలాగే ఉందట. మమ్మల్నంటే ఏం లాభం?"

షెడ్డులో చొక్కాలకు కాజాలు కుట్టీ కుట్టీ ఆమెకా పేరొచ్చింది. తమ్ముడి వైద్యానికి మరదలు మేస్త్రీ దగ్గర చేసిన అప్పది. తమ్ముడు దక్కలేదు, అప్పు మిగిలింది. ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. మేస్త్రీ, కుట్టే మనిషి కలిసి మిషను చక్రం మీద చెయ్యేస్తే ఏ ఒప్పందమైనా ఖాయమైనట్టే. కూడు పెట్టే మిషను సాక్షిగా మాటిచ్చి ఎవడు తప్పుతాడని అందరికీ ధీమా. ఎవడంటే ఇదుగో, ఈ మేస్త్రీయే.

కుట్టుపనివాళ్ళ సంఘం చూసే ఆవిడ మరదలితో అప్పుడే మొత్తుకుంది. "నోటిమాట వాయిదాలు నమ్మొద్దు చెల్లీ. కోర్టులో అర్జీ పెడదాం. అక్కడ నెలనెలా కట్టే వాయిదాలు ఖాయం చేస్తే వడ్డీ ఆగుతుంది. కట్టినదానికి రసీదుంటుంది. ఇంటిమీదికొస్తే అడిగే దిక్కుంటుంది."

మరదలు సరేనంది. చెప్పులేసుకుని బయల్దేరింది కూడా. గుమ్మంలో అడ్డుపడింది కాజాలక్కే.

"అడగ్గానే ఆదుకున్నవాణ్ణి కోర్టుకీడుస్తావటే? కాగితం అడిగితే మనసు కష్టపెట్టుకోడూ? నేను మాట్లాడతాలే."

మాట్లాడింది. "మన మధ్య కాగితాలేంటక్కా!" అని మేస్త్రీ నవ్వుతూ చక్రం మీద చెయ్యేశాడు. ఆ 'అక్కా' అన్న పిలుపుకే ఈవిడ పొంగిపోయింది. వడ్డీ ఎంతని గానీ, ఎప్పటికి తీరుతుందని గానీ అడగలేదు. ఆ తర్వాత కూలీలో కోత పెరుగుతూనే పోయింది. ఒంట్లో బాగోక ఒకసారి మరదలు నాగా పెడితే ఒప్పందం చెల్లదని బెదిరించాడు. అప్పట్నుంచి మరదలు జ్వరమొచ్చినా పెడలు మీంచి కాలు తియ్యలేదు.

కేకలు విని షెడ్డు జనమంతా వీధిలోకొచ్చారు. వెనకే మేస్త్రీ వచ్చాడు.

"ఏంటక్కా ఈ గోల? నోటిమాటే కదా. మనిషీ పోయింది, మాటా పోయింది."

జనం ఒక్కసారి భగ్గుమన్నారు.

"నాదీ నోటిమాటే," అన్నాడు బట్ట కత్తిరించేవాడు. "ఎంత బాకీయో నాకే తెలీదు."

"ఊరుకో. రేపు పనివ్వకపోతే ఏం తింటాం?" అంది గుండీలు కుట్టే ముసలమ్మ.

"ఇచ్చినప్పుడు మాత్రం ఏం తిన్నామవ్వా?" అన్నాడు కత్తిరించేవాడు.

కాజాలక్క మిషను దగ్గరికెళ్ళి చక్రం మీద చెయ్యేసింది.

"మా పిల్లని వీడొక్కడే చంపలేదు. వీడి మంచితనాన్ని నమ్మిన నా నోరు కూడా చంపింది. ఈ చెయ్యి వీడితో ఒప్పందానికి కాదు, మనలో మనకి. ఎవరి బాకీ అయినా అందరం కలిసే కోర్టుకెళ్దాం. అంతవరకూ ఒక్క మిషనూ ఈ వీధి దాటదు."

కత్తిరించేవాడు చెయ్యేశాడు. సంఘం ఆవిడ వేసింది. గొణుక్కుంటూనే ముసలమ్మా వేసింది. చక్రం మీద చోటు చాలక బల్ల మీద, బల్ల చాలక పక్కవాళ్ళ భుజాల మీద వేశారు.

మేస్త్రీ ఫోను చేస్తే పోలీసులొచ్చారు. ముందుగా కాజాలక్క చెయ్యి పట్టి లాగారు.

"మా పిల్లకి రాసిన ఆ అర్జీ ఉందా ఇంకా?" అని అరిచింది కాజాలక్క సంఘం ఆవిడతో.

"ఉందక్కా!"

"అందరిచేతా రాయించు. ముందు నా పేరు రాయి."

వ్యాన్లో కూర్చున్నాక ఆమెకు ఏడుపాగలేదు. ఇంతమందిలో ఒక్కరు ఆ రోజు కోర్టుకి తోడెళ్ళినా పిల్ల బతికేదే. వెళ్తానన్నదాన్ని ఆపింది తనే. చెప్పులు విప్పించి మరీ కూర్చోబెట్టింది.

వ్యాను కదిలింది. వెనక్కి తిరిగి చూసింది. మేస్త్రీ కేకలేస్తూనే ఉన్నాడు. మిషను మీంచి ఒక్క చెయ్యీ లేవలేదు.