అమరుడి తల్లి ఏడవకూడదు

టేపు మీదున్న నా భార్య గొంతును చెరిపేసింది ఆమె సొంత తమ్ముడే. ఇందులో అనుమానం లేదు. ఆ సంగతి నాకు వాడే చెప్పాడు, అదీ టీ తాగుతూ.

ముగ్గురం ఒకే స్టూడియోలో పనిచేసేవాళ్ళం. నేను దుస్తుల గదిలో దర్జీని. ఆమె డబ్బింగ్ చెప్పేది. బావమరిది ఎడిటర్. అక్క బతిమాలితే ఉద్యోగం వచ్చినవాడు.

ఆ స్టూడియోకి పేరు తెచ్చింది ఒక్క యుద్ధం సినిమా. తీసింది ఒక్కసారి, విడుదల చేసింది మూడుసార్లు. ప్రభుత్వం మారితే శత్రువు మారేవాడు. మొదట కొండ అవతలివాళ్ళు శత్రువులు. రెండో ప్రభుత్వం వాళ్ళతో చేతులు కలిపింది కాబట్టి ఏటి అవతలివాళ్ళు శత్రువులయ్యారు. యుద్ధం అదే. చచ్చినవాళ్ళూ వాళ్ళే. నేను కొత్త శత్రువుల గుర్తుతో పన్నెండు చేతిపట్టీలు కుట్టాను. పన్నెండుమందికి అవి కట్టి దగ్గరి షాట్లు మళ్ళీ తీశారు. దూరపు షాట్లలో పాత పట్టీలే ఉండిపోయాయి. మన సైన్యం దూరం నుంచి ఒకళ్ళ మీదికి ఉరికి, దగ్గరికొచ్చి ఇంకొకళ్ళని చంపింది. ఇదేమిటని ఒక్కడూ అడగలేదు. అడిగే అలవాటున్నవాళ్ళు హాలుకు రావడం ఎప్పుడో మానేశారు.

మాటలు మార్చడం నా భార్య వంతు. సినిమా చివర కొడుకు శవం పక్కన కూర్చున్న తల్లికి ఆమెదే గొంతు. తెర మీద పెదవులు మారవు. వాటికి అతికే మాట వెతకాలి. "కొండవాళ్ళే చంపారు" అన్నచోట "ఏటివాళ్ళే చంపారు" అని ఇట్టే అతికించింది. మంత్రిగారు తెగ మెచ్చుకున్నారు.

"సిగ్గనిపించలేదా?" అని ఇంట్లో అడిగాను.

"మీరు పట్టీలు కుట్టలేదా? నేను మాట కుట్టాను," అంది. "అయినా ఎవరు చంపితే ఆ తల్లికేమిటండీ, పిల్లాడు పోయాక?"

సినిమాలో ఆ తల్లి మాట తర్వాత ఏడుపు వస్తుంది. మాటల్లేని ఏడుపు, నిమిషంన్నర. అది మొదటిసారి రికార్డు చేసిందే. రెండోసారి ఎవరూ ముట్టుకోలేదు. మాకు టేపు కరువు. మారాల్సిన ముక్క మీద కొత్తది ఎక్కించి మిగతాది అలాగే ఉంచేవాళ్ళు. పాత ప్రింట్లను కొత్త ప్రభుత్వం తగలబెట్టించేది. ఏడుపు మాత్రం ఎవరికీ అడ్డం రాలేదు.

తర్వాత ఆమె పోయింది. కడుపులో గడ్డ. ఇంట్లో ఫోటోలున్నాయి, గొంతు లేదు. నెలకోసారి మధ్యాహ్నం విరామంలో ఎడిటింగ్ గదికి వెళ్ళి ఆ నిమిషంన్నర పెట్టమనేవాణ్ణి. బావమరిది విసుక్కుంటూనే పెట్టేవాడు. వినేసి పనిలోకి పోయేవాణ్ణి.

మూడో ప్రభుత్వానికి ఇరుగుపొరుగుతో గొడవ లేదు. దాని గొడవల్లా తల్లితోనే. అమరుడి తల్లి ఏడవకూడదట. గర్వపడాలట. బావమరిది ఒక కొత్తమ్మాయిని పిలిచి నిమిషంన్నర నినాదాలు చెప్పించాడు. తెర మీద ఆ తల్లికి కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి, మూతి వంకర్లు పోతోంది, గొంతు మాత్రం జిందాబాద్ అంటోంది.

"ఆనందబాష్పాలు!" అన్నారు మంత్రిగారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను లేవలేదు. బావమరిదికి పతకం వేశారు.

పాతది ఎక్కడో దాచి ఉంటాడనుకున్నాను. మర్నాడు వెళ్ళాను. టీ తాగుతున్నాడు.

"పోయింది బావా."

"ఏది?"

"అక్కది. దాని మీదే ఎక్కించాం."

"ఒక్క ముక్కయినా దాచలేదా?"

"టేపెక్కడుంది బావా? దాచానని తెలిస్తే నా ఉద్యోగం ఊడేది. అక్క ఉంటే అర్థం చేసుకునేది."

"అక్క ఉంటే నిన్ను చెప్పుతో కొట్టేది," అని వచ్చేశాను.

నిరుడు నాలుగో ప్రభుత్వం వచ్చింది. దీనికి శాంతి కావాలి. శాంతికి తల్లి ఏడవాలి, అదీ గుండెలు పగిలేలా. మూడేళ్ళుగా నా గుమ్మం తొక్కని బావమరిది పొద్దున్నే దిగాడు. పతకం పెట్టుకోలేదు.

"ఆ అమ్మాయికి ఏడుపు రావట్లేదు బావా. తుమ్ముతున్నట్టుంది. కొత్త మంత్రిగారు చిన్నప్పుడు ఈ సినిమా చూశారట, ఆ ఏడుపే కావాలంటున్నారు."

"ఆయన్నే ఏడవమను."

"ఎకసెక్కాలొద్దు బావా. నెలనెలా విన్నావు. అక్క ఎక్కడ ఊపిరి తీసింది, ఎక్కడ ఆపింది, ఎక్కడ గొంతు జీరబోయింది, అంతే చెప్పు. ఆ పిల్లకి నేర్పిస్తా. ఈ వారంలో కాకపోతే నన్ను పీకేస్తారు. అక్క పేరు కూడా తెర మీద వేయిస్తా."

అవన్నీ నాకు తెలుసు. ఆమె గొంతు ఇప్పుడు మిగిలింది నా చెవుల్లోనే. అది ఇచ్చేస్తే ఐదో ప్రభుత్వం వచ్చి దాని మీద మరొకటి ఎక్కిస్తుంది.

"కొలతలు అడుగుతున్నావు. కొలతలు చొక్కాకి చెప్తాను, మీ అక్క ఏడుపుకి చెప్పను," అన్నాను.

వాడు గుమ్మంలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. నిజమైన ఏడుపే.

"బాగుందిరా. మిషను తెచ్చుకుని ఇదే రికార్డు చేసుకో," అని తలుపేసుకున్నాను.

మళ్ళీ రాలేదు. ఉద్యోగం ఉందో ఊడిందో నేను కనుక్కోలేదు. ఆ ఏడుపు ఎలా ఉండేదని వాడడిగినా, మంత్రి అడిగినా, మీరడిగినా చెప్పను. ఇంకెప్పుడూ దాని ఊసెత్తను.