కుంకుమ అంటిన అక్షరాలు

పూజలో పెట్టిన బొట్టును జేబురుమాలుతో తుడిచే మనిషిని నేను అంతవరకూ చూడలేదు. హేమంత్ సార్ మెయిన్ మిషన్ కీబోర్డును కుడివైపు నుంచి బరబరా తుడుస్తున్నాడు. సగం దాకా వచ్చేసరికి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

“ఏంది సార్ గిది? పొద్దున పెట్టిన బొట్టు పొద్దుగూకక ముందే తుడుస్తరా?”

“మురికి మీద నేను టైపు చేయలేను రోహిణీ. జరుగు, పని కానీ.”

పనంటే మామూలు పని కాదు. రెండువేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. మాదాపూర్‌లో ఒక అంతస్తు కిరాయికి తీసుకున్న మా చిన్న కంపెనీకి ఆ భయమే అన్నం పెడుతోంది. లండన్‌లో ఒక బీమా సంస్థకు మేం సరిచేసి పంపిన ఫైలు సగంలో తెగిపోయిందట. సాయంత్రం ఆరులోగా మళ్ళీ పంపకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తామని ఇప్పుడే ఫోన్ చేశారు. మాకున్నది ఆ ఒక్క పనే. అది పోతే ముందు ఇంటికి పంపేది చివర చేరిన నన్నే. బాలానగర్‌లో మా నాయన చేసే ఫ్యాక్టరీ మూతపడింది, ఇల్లు నా జీతం మీద నడుస్తోంది.

ఫైలు మెయిన్ మిషన్‌లో ఉంది. దాని పాస్‌వర్డ్ మా యజమాని నారాయణప్ప సార్ ఒక్కరికే తెలుసు. ఆయన ఆయుధపూజ ముగించుకుని అనంతపురం రైలెక్కారు.

తాళం వేయొద్దని పొద్దున నేను మొత్తుకున్నాను. “లండనోళ్ళకు నవమి అంటే ఏం ఎరుక సార్? ఒక్క మిషనన్న తెరిచిపెట్టుండ్రి” అన్నాను, అందరి ముందే.

“పూజ చేసిన పనిముట్టును ఈపొద్దు ముట్టగూడదు పాపా. నీ అంత మొండిఘటాన్ని నేను యాడా చూడలేదు” అని, కుంకుమ చేత్తోనే కూర్చుని కొత్త పాస్‌వర్డ్ పెట్టేశారు. లేస్తూ నావైపు చూసి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఇంటర్వ్యూలో ఫెయిలైనా ఇంకో పరీక్ష పెట్టమని గుమ్మంలో కూర్చున్న రోజు నుంచీ నేను ఆయనకు మొండిఘటాన్నే.

హేమంత్ సార్ ఆయన మేనల్లుడు. మామ మనసు తనకు తెలియనిదా అన్నట్టు ఆయన తల్లి సుబ్బమ్మ పేరు కొట్టాడు. మిషన్ కాదంది. కంపెనీ పేరు కొట్టాడు. కాదంది. ఇంకో మూడు తప్పులైతే రేపటిదాకా తెరుచుకోనని తెర మీద హెచ్చరిక వచ్చింది.

“పేర్లు పెట్టొద్దు, ఎనిమిదక్షరాల ఇంగ్లీషు మాటే పెట్టాలని రూలు చేసింది నారాయణప్ప సారే గద” అన్నాను. అంటూ కీబోర్డు చూశాను. సార్ బొట్లు పెట్టింది పై అంచున. మరి మీటల మీద ఎరుపెందుకుంది?

ఆయన ఒక్క వేలితో టైపు చేస్తారు. ఆ వేలికి తడి కుంకుమ ఉంది.

ఎడమవైపు నాలుగే మీటలు ఎర్రగా ఉన్నాయి. బి, ఆర్, ఎస్, టి.

హేమంత్ సార్‌కు వెంటనే వెలిగింది. “ఈ పక్క మిగతావి శుభ్రంగా ఉన్నాయంటే ఆ అక్షరాలు మాటలో లేవు. ఏ లేదు, ఈ లేదు. ఇంక కుడిపక్క...” అని ఆగిపోయాడు. కుడిపక్క ఏముండేదో ఆయన జేబురుమాలుకే తెలుసు. ఆ మాట పైకి అనాలని నోరు దురద పెట్టింది.

మనిషి మంచి ప్రోగ్రామరే, ఒప్పుకోవాలి. పక్క మిషన్ ఆన్ చేశాడు. నేను దాన్ని తాకి కళ్ళకద్దుకుని మనసులో క్షమించమన్నాను. స్పెల్లింగులు దిద్దే సాఫ్ట్‌వేర్‌లోని మాటలన్నిటినీ జల్లెడ పట్టడానికి చిన్న ప్రోగ్రాం రాశాడు. ఎనిమిదక్షరాలుండాలి, ఆ నాలుగూ ఉండాలి, ఎడమవైపువి వేరే ఏవీ ఉండకూడదు. అది వేళ్ళమీద లెక్కపెట్టేన్ని మాటలు తేల్చేసరికి అయిదు దాటింది.

ఔట్‌బరస్ట్. రోబస్ట్‌లీ. స్టబర్న్. సన్‌బర్న్ట్. సన్‌బరస్ట్.

“మామకు ముక్కుమీద కోపం” అంటూ మొదటిది కొట్టాడు. కాదంది. “ప్రోగ్రాం రోబస్ట్‌గా, గట్టిగా ఉండాలని రోజూ చంపుతాడు” అని రెండోది కొట్టాడు. అదీ కాదు. మిగిలింది ఒక్కసారి.

“సన్‌బరస్ట్. మన విజిటింగ్ కార్డు మీద సూర్యుడున్నాడు. ఇదే!” ఆయన వేలు ఎస్ మీదకు పోయింది.

“ఆగుండ్రి సార్!”

నేను చూస్తున్నది మూడో మాటను. స్టబర్న్ అంటే మొండి. పొద్దున ఆ మాట నారాయణప్ప సార్ నోట్లో ఉండగానే కుర్చీలో కూర్చున్నారు. కొత్త మాట కోసం ఎంత దూరం వెతుక్కుని ఉంటారు? ఆ నవ్వు గుర్తొచ్చింది.

“నిన్ను తిట్టిన మాట పాస్‌వర్డ్‌గా పెడతాడా? తప్పయితే నీదే పూచీ!”

“నాదే సార్. నా నౌకరే గద పోయేది” అన్నాను. ఆయన కుర్చీ వదిలాడు.

ఒక్కో మీటా చూసి చూసి కొట్టాను. చివరి ఎన్ నొక్కి కళ్ళు మూసుకుని ఎంటర్ కొట్టాను.

“అబ్బా!” అన్నాడు హేమంత్ సార్ వెనకనుంచి.

తెర తెరుచుకుంది. సంతోషం కన్నా ముందు కోపమొచ్చింది. నన్ను వెక్కిరించిన మాటతోనే నన్ను బయట పెట్టి తాళం వేశారు! కళ్ళు తుడుచుకుని ఫైలు పంపాను. లండన్ నుంచి అందిందని జవాబొచ్చింది.

కాసేపటికి ఫోన్ మోగింది. నారాయణప్ప సార్. “కర్నూలు స్టేషన్‌లో ఉండా పాపా. నువ్వు చెప్పిందే మనసులో పీకుతాంది. లండనోళ్ళు ఫోన్ చేసినారా?”

“చేసిన్రు సార్. ఫైలు అడిగిన్రు.”

“అయ్యో! పాస్‌వర్డ్ చెప్తా. ఫోన్ హేమంతుకియ్యి.”

హేమంత్ సార్ చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.

“నాకే చెప్పుండ్రి సార్. రాసుకుంట.”

“వానికియ్యమ్మా.”

“చెప్పుండ్రి సార్.”

చివరికి నెమ్మదిగా “ఎస్” అన్నారు. “టి... యు...” ఒక్కో అక్షరానికీ ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది. ఎన్ దగ్గర దాదాపు వినిపించలేదు. “ఏమనుకోవద్దు పాపా” అన్నారు.

“ఏమనుకోలే సార్. ఫైలు అప్పుడే పంపిన. జర ఉరుకుండ్రి, మీ బండి పోతది” అన్నాను.