ఒక్క చెంచా చెర్రీ పాకం

స్తమేనా తలపిన్నుతో చెర్రీల గింజలు తీస్తోంది. కాడ ఊడిన చోట పిన్ను గుచ్చి, కాస్త తిప్పి లాగితే గింజ వచ్చేస్తుంది, పండు పగలదు. రసం మణికట్టు దాటి మోచేతుల దాకా కారింది. పొట్టి మనిషి. పొయ్యి సెగకు ముఖం ఇటుక రంగుకు తిరిగింది. ఎడమ కన్ను కింద పాకం చిందిన పాత మచ్చ. బెల్‌గ్రేడులో ఒక విదేశీ రాయబారి వంటిల్లే ఆమె లోకం. వాళ్లమ్మ చేసిన పాకం రుచి మరిగి, నోట్లో ఆఖరి పన్ను పుచ్చేదాకా ఓ తుర్కీ పాషా కోట ఖాళీ చెయ్యలేదని మా వీధిలో అంటారు. అది ఉత్త మాటే అన్నవాణ్ణి నేనింకా చూడలేదు.

రెండు వారాల కిందట సైనికాధికారులే రాజునూ రాణినీ కాల్చి చంపి, కిటికీలోంచి తోటలోకి పారేశారు. ఇప్పుడు వేరే వంశపు రాజు రైల్లో వస్తున్నాడు. హంతకులు తెస్తున్న రాజుకు ఎదురెళ్లాల్సి వస్తుందని, ఊళ్లోని రాయబారులందరికీ ఒక్కసారే కీళ్లనొప్పులు పట్టుకున్నాయి. వేడినీటి ఊటలున్న ఊళ్లకు పెట్టెలు సర్దుతున్నారు. నొప్పి ఏ కాలికని చెప్పాడో మరిచిపోయి ఒకాయన రెండు కాళ్లూ కుంటాడట.

ఎన్నడూ వంటింటికి రాని రాయబారి గుమ్మంలో నిలబడ్డాడు.

"కెప్టెన్ వుకాషిన్ వస్తాడు. కొత్త రాజుకు స్వాగతం చెప్పడానికి రమ్మంటాడు. నేను ఇంట్లో లేను. అతనికి కుర్చీ వద్దు. నీళ్లు కూడా వద్దు."

"గడప తొక్కినవాడికి పాకం పెట్టకపోతే శత్రువని చెప్పినట్టేనయ్యగారూ."

"అదే చెప్పాలి."

"మీరు సాయంత్రం రైలెక్కుతారు. ఊళ్లో ఉండాల్సింది నేను కదయ్యా."

అతను వినిపించుకోలేదు. స్తమేనా కొడుకు మీలున్ రాజును చంపిన రాత్రి రాజభవనం కాపలాలో ఉండి, హంతకులకు గేటు తెరవనన్నాడు. అప్పటినుంచి సైనికుల చెరలోనే ఉన్నాడు. వదలడమో, గోడకు నిలబెట్టి కాల్పించడమో ఆ హంతకుల్లో ఒకడైన వుకాషిన్ చేతిలోనే ఉంది.

కెప్టెన్ వచ్చేసరికి హాల్లో కుర్చీలు లేవు. మైనం రాసిన మీసం, దుమ్ముకొట్టుకున్న బూట్లు. కాసేపు నిలబడి, వంటింటివైపు కేకేశాడు.

"ఏవమ్మా అవ్వా, ఇది ఇల్లా, శ్మశానమా? గొంతు తడుపుకోడానికైనా దిక్కులేదా?"

స్తమేనా తొంగిచూసింది. మేడమెట్ల పైన తెర కింద అయ్యగారి బూటు కొనలు కనిపిస్తున్నాయి. లోపలికి వెళ్లి, పొద్దున దించిన పాకం గాజుగిన్నెలో పోసి, చెంచా, నీళ్లగ్లాసు పళ్లెంలో పెట్టి తెచ్చింది.

"ఆ చేతులేంటి? ఎవర్ని పొడిచొచ్చావు?" అన్నాడు కెప్టెన్.

"చెర్రీ రసం నాయనా. సబ్బుతో పోతుంది. నీవి దేంతో కడిగావు?"

మీసం కింద నవ్వు ఆగింది. కోపం మింగి చెంచాడు పాకం తిన్నాడు, గుక్కెడు నీళ్లు తాగాడు, చెంచాను గ్లాసులో వేశాడు. అలా వేస్తే మా దేశంలో ఒకటే అర్థం: నీ ఇంట తిన్నాను, మనకు పగ లేదు. అప్పుడు మెట్లవైపు తలెత్తి గట్టిగా చెప్పాడు.

"రాయబారి ఇంట తీపి తిన్నాను. రాజుగారికీ ఇదే చెప్తా, పత్రికలవాళ్లకీ ఇదే చెప్తా."

"మావాడు?" అంది స్తమేనా.

"చీకటిపడేలోగా ఇంటికొస్తాడు. చెంచాడు పాకానికి కొడుకు. బేరం బాలేదా?"

"బేరం సంగతి వాడొచ్చాక చెప్తా. ముందు నువ్వు గడప దాటు నాయనా."

అతను వెళ్లాక రాయబారి, కార్యదర్శి దిగివచ్చి పళ్లెం చుట్టూ తిరిగారు.

"కడిగించేద్దామా?" అన్నాడు కార్యదర్శి.

"కడిగితే దాచినట్టు."

"ఉంచేస్తే?"

"మనమే పెట్టినట్టు."

చాలాసేపు తర్జనభర్జన పడ్డాక దారి దొరికింది. వంటమనిషి సొంత బుద్ధితో చేసింది, ఆమెను తొలగించాము, అని తమ దేశానికి తంతి కొట్టారు. సముద్రాల నిండా యుద్ధనౌకలున్న రాజ్యం అది. ఒక రాజవంశం హత్యకు దాని ఆగ్రహమంతా అలా స్తమేనా మీద తీరింది.

ఆమె సబ్బుతో చేతులు కడుక్కుంది. తలపిన్ను తుడిచి కొప్పులో గుచ్చుకుంది. వంటబట్ట మేకుకు తగిలించి పెరటిదారిన బయటపడింది.

"ఏం స్తమేనా, తిన్న ఇంట్లోంచే తరిమారా?" అంది రొట్టెలకొట్టు ఆవిడ, ఇకిలిస్తూ.

"మావాడొస్తున్నాడు. చిక్కుడుగింజలు నానబెట్టాలి," అని ఆగకుండా నడిచింది.

సాయంత్రం రాయబారి రైలెక్కాడు. తలుపుకు తాళం వేసి లక్కముద్ర కొట్టారు. పళ్లెం జోలికి పోయే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చీకటిపడుతున్న హాల్లో, లేత ఎరుపెక్కిన నీళ్లలో, గ్లాసు అంచుకు ఆనుకుని చెంచా అలాగే నిలబడి ఉంది.