భానుమూర్తి సారు ఇవ్వబోయిన దారి

భానుమూర్తి సారు ఒక్క మాట చెప్పి జాగా అమ్ముకుని ఉంటే ఏం పోయేది? పదేళ్లు ఒకే బండిమీద తిరిగిన మనిషికి ఫోను చెయ్యడానికి చేతులు రాలేదు. సిద్దిరాములుకు ఆ మంట ఇంకా ఆరలేదు.

సారుది భీమవరం వైపు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లో జాగ్రఫీ చెప్పేవాడు. రాములుది ఎల్బీ నగర్‌లో బండలు కొట్టే పని, చదువు ఐదుతో సరి. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఇద్దరూ ఆనుకుని జాగాలు కొన్నారు. రోడ్డువైపుది సారుది, వెనకది రాములుది. రాములుకు దారి సారు జాగాలోంచే. అదీ నోటిమాట మీద.

అక్కడి బండ మధ్యలో బారెడు వెడల్పున నల్లరాతి చార ఉండేది.

"ఇది భూమి లోపల కరిగి పైకొచ్చిన రాయి రాములూ. ఖండం రెండు ముక్కలవ్వాలంటే ఉత్త లాగుడు చాలదు. ఈ కరిగిన రాయి పగుళ్లలో దూరి, నేలను వేడికి మెత్తబరిచి, పక్కలకు నెడుతుంది. అప్పుడు కాస్త లాగినా విడిపోతుంది. ఆ సందు పల్లమై, అందులోకి సముద్రం వస్తుంది. ఎర్ర సముద్రం అలా పుట్టిందే."

"మరి గిక్కడ సముద్రమేది సార్?"

"ఇక్కడ పగిలింది గానీ విడిపోలేదయ్యా."

"మేం గూడ గట్లనే జేస్తం సార్. బండకు మంట పెడితె సుత్తె దెబ్బలు సగం తగ్గుతయి."

"చూశావా! ఇది మా పిల్లల బుర్రకెక్కడానికి నెల పట్టింది" అని సారు పగలబడి నవ్వాడు.

సకల జనుల సమ్మెలో కోచింగ్‌లు మూతపడ్డాయి. రాములు రోజూ ఎల్బీ నగర్ దీక్షా టెంటులో కూర్చునేవాడు. ఓ మధ్యాహ్నం సారు స్టాంపు కాగితం పట్టుకుని అక్కడికే వచ్చాడు.

"రోజులు బాలేవు రాములూ. నీ దారి కాగితం మీద పెట్టేద్దాం. ఓ సంతకం చెయ్యి."

పక్కనున్న యోగేందర్ ఊరుకోలేదు. "జర పైలం రాములన్నా! సెటిలర్ సారు నీ జాగ మొత్తం రాపిచ్చుకుంటడు!"

టెంటంతా గొల్లున నవ్వింది. రాములుకు తల కొట్టేసినట్టయింది.

"మా గడ్డ మీద నాకు నువ్విచ్చేదేంది దారి? ముందుగాల మీ ఊరి బస్సెక్కు, పో!"

సారు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "సరేనయ్యా" అన్నాడు. అంతే.

రాష్ట్రం రాకముందే సారు జాగా చేతులు మారింది. కొన్నవాడు ఆరడుగుల గోడ లేపాడు. తక్కిన మూడు వైపులా ఇళ్లే. దారి అడిగితే, "కాగితం ఉంటే చూపించు" అన్నాడు. రెండేళ్లు తిరిగి తిరిగి, చివరికి వాడికే, వాడు చెప్పిన రేటుకే రాములు రాసిచ్చాడు.

ఇప్పటికీ సారును తిడతాడు. తిడుతూ తిడుతూ సగంలో ఆగిపోతాడు. ఆ రోజు నోరు మూసుకుని సంతకం పెట్టి ఉంటే స్నేహితుడూ ఉండేవాడు, నేలా ఉండేది: నూట ఎనభై మూడు గజాలు.