రెండో తాడు

మనవరాలు పుట్టిన రోజున దొక్సు ఆచారం ప్రకారం ఎడమవైపు మెలితో గడ్డితాడు పేనాడు. బొగ్గుముక్కలూ దేవదారు రెమ్మలూ గుచ్చి వీధిగుమ్మానికి అడ్డంగా కట్టాడు. ఇరవై ఒక్క రోజుల దాకా బయటివాళ్ళెవరూ ఆ తాడు దాటకూడదు.

పదో రోజున పాత నేస్తం ఫిల్జే తుమ్ముకుంటూ వచ్చాడు.

"ఆగరా! తాడు కనపడలేదా, కళ్ళు పడవలో పెట్టొచ్చావా?" అని దొక్సు తరిమేశాడు. తరిమాక మనసు పీకింది. రేవుకెళ్ళి వాడితో ఒకే పళ్ళెంలో స్క్విడ్ తిని వచ్చాడు.

పన్నెండో రోజు పొద్దున పాపని ఎత్తుకున్నాడు. మధ్యాహ్నానికి తనకే ముక్కు కారింది.

పాపని చూడ్డానికి తాడు దాటనిచ్చే ఒకే ఒక్క బయటి మనిషి, నర్సు యూంజు, అతన్ని పెరట్లోకి లాక్కెళ్ళింది.

"ఇది నీకు రెండ్రోజుల జలుబు, తాతా. నీ ఒంట్లో కాపలావాళ్ళు ముదుర్లు, ఈ దొంగని ఎన్నోసార్లు పట్టారు. పాప కాపలావాళ్ళు కొత్తోళ్ళు. గబగబా దూకుతారు గానీ ఏ దొంగ మొహమూ ఎరగరు. జలుబు రొమ్ముకి దిగితే పాపకి ఊపిరాడదు."

"నావాళ్ళని నలుగుర్ని పంపరాదూ?"

"వాళ్ళమ్మ కడుపులోనే పంపింది, పాలతోనూ పంపుతోంది. నువ్వు చెయ్యగలిగింది దూరంగా ఉండడమే."

దొక్సు వలల కొట్లోకి పక్క మార్చుకుని, ఇంకో తాడు పేని దాని గుమ్మానికి కట్టాడు.

సముద్రపునాచు చారు తెచ్చిన భార్య కుమ్రే నవ్వింది. "ఇదేంటయ్యా ముసలాయనా?"

"బయటివాడు లోపలున్నాడు. పాప ఊపిరెలా ఉంది?"

"బాగానే ఉంది."

రోజూ అదే ప్రశ్న. పదిహేనో రోజున ఆవిడ తల దించుకుని చారు గిన్నె గుమ్మం దగ్గర పెట్టింది. "ముక్కు కారుతోంది," అంది. ఆ పూట చారు గిన్నెలోనే చల్లారిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆవిడ పెరట్లోంచే కేకేసింది: "జ్వరం లేదు! పాలు జలగలా లాగేస్తోంది!"

అప్పుడు తిన్నాడు, నిన్నటి చారు కూడా.

ఇరవై ఒకటో రోజున కుమ్రే వీధిగుమ్మం తాడు విప్పి, పాపని ఎత్తుకుని కొట్టు దగ్గరికి వచ్చింది. అక్కడి తాడు అలాగే ఉంది.

"ఇంకా దేనికయ్యా ఇది?"

"తెల్లారుజామున ఒకసారి దగ్గాను."

"ఒక్కసారేగా!"

"ఒక్కసారే."

కుమ్రే నిట్టూర్చి, మూడడుగుల దూరంలో నిలబడి పాప మొహం మీది గుడ్డ తీసింది. పాప ఆవులించింది. దొక్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాడు.