వెనక ఫ్యాను

అయినా తెర మీద వేగం సున్నా అని చూపిస్తూ చెవికి ఇంత హోరు వినిపించే ఫ్యాను ఎక్కడైనా ఉంటుందా, ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు విప్పుతున్నవాణ్ని, మా ఆవిడ కంప్యూటర్లో ముందు రెండు ఫ్యాన్లూ చెప్పగానే బుద్ధిగా ఆగాయి, వెనకదొక్కటే నా మాట పెడచెవిన పెట్టి తిరుగుతోంది, తెర మీద గీతను మౌసుతో కిందికి లాగుతున్నాను, దానికి పట్టదు, బుధవారం నుంచి ఇదే వరస, కిటికీ పరదా గాలికి ఉబ్బి మళ్లీ మెల్లగా ఊచలకు అతుక్కుంటోంది, ఆదివారం మధ్యాహ్నపు ఎండలో దుమ్ము తీరిగ్గా తేలుతోంది, లోపలి గదిలో మా ఆవిడ పెట్టె సర్దుకుంటోంది, కొన్నాళ్లు చెల్లెలి దగ్గర ఉండి వస్తానండీ అంది, ఎన్నాళ్లు అంటే చూద్దాం అంది, ఇంట్లో కూర్చుని పుస్తకాల ప్రూఫులు దిద్దే మనిషి, ఈ హోరుకే విసిగి వెళ్తోంది, రేపు పొద్దున్నలోగా దీని నోరు మూయించగలిగితే ఉండిపోతుందేమో.

షాపులో నన్ను నిశ్శబ్దం మాస్టారు అంటారు, నవ్వుతూనే అంటారు గానీ నాకు లోలోపల గర్వం, రొద పెట్టే కంప్యూటరు డబ్బాలు తెచ్చి అప్పగిస్తారు, నేను పాత ఫ్యాన్లు తీసేసి నాలుగు పిన్నులవి బిగిస్తాను, ఆ నాలుగో తీగ మీదే ఎంత తిరగాలో మదర్‌బోర్డు ఫ్యానుకు చెబుతుంది, నలభై అయిదు డిగ్రీలు దాటేదాకా కదలకు, అరవై దాటితే పరుగెత్తు, అంతే, ఎనిమిది నెలల కిందట ఆవిడ కంప్యూటరుకూ అలాగే చేశాను, అక్కడితో ఆగానా, కారే కుళాయికి వాషరు మార్చాను, గోడ గడియారం తీసేసి చప్పుడు చెయ్యనిది పెట్టాను, ఫ్రిజ్ కాళ్ల కింద రబ్బరు ముక్కలు దూర్చాను, మరదలు వచ్చి బావా, నీ ఇంట్లో చీమ తుమ్మినా వినిపించేట్టుందే, అక్క ఎలా ఉంటోందో ఏమో అంది, నేను పొంగిపోయాను, ఆవిడ నవ్వలేదు, అవును, నవ్వలేదు, ఆ వారమే అనుకుంటా చెవిలో ఏదో గుయ్యిమంటోందండీ అంది, చెవుల డాక్టరు చూసి దీనికి మందులేం లేవమ్మా, మెల్లగా అలవాటైపోతుంది అన్నాడు, మెట్లు దిగుతూ నేనూ తగ్గిపోతుందిలే అన్నాను, తర్వాత నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

సరే, విప్పి చూద్దామని కంప్యూటరు ఆపేశాను, రెక్కలు నెమ్మదించి ఆగాయి, ఇల్లు ఒక్కసారిగా సద్దుమణిగింది, ఆ క్షణం నాకెప్పుడూ హాయి, ఒంటి మీద చల్లని నీళ్లు పోసుకున్నట్టుంటుంది, డబ్బా పక్క తలుపు జారించి వెనక ఫ్యాను తీగ వెంట వేలు పోనిస్తే అది మదర్‌బోర్డు దాకా వెళ్లనే లేదు, నా సొరుగులోని పాత అడాప్టరు తగిలించి నేరుగా పవర్ సప్లైకి కలిపారెవరో, అందుకే బోర్డు లెక్కలో అది లేనే లేదు, ఫ్యానుకేమో ఇక తెలిసింది ఒక్కటే, ఉన్న జోరంతా తిరగడం, ఎవరీ తెలివితక్కువ పని చేసింది అని నోటిదాకా వచ్చింది, తీగల్ని ఎర్ర దారంతో కట్టి ఉంది, నేనైతే ప్లాస్టిక్ పట్టీ వేస్తాను, రెండు చుట్లు తిప్పి లాగితే ఊడే ఆ జారుముడి ప్రూఫుల కట్టలకు ఆవిడ వేసేదే, ఇన్నేళ్లు పక్కన కూర్చుని స్క్రూలు అందిస్తూ అన్నీ నేర్చేసుకుంది, కానీ ఎందుకు, పెళ్లయిన కొత్తలో రైలు పట్టాల పక్క గదిలో ఉండేవాళ్లం, రైలు వస్తే మాట మధ్యలో ఆపి, పోయాక సరిగ్గా అక్కడి నుంచే అందుకునేది, ఎంత నవ్వుకునేవాళ్లం, ఇప్పుడు వానొస్తే కిటికీ దగ్గర కళ్లు మూసుకుని కూర్చుంటుంది, చూడని టీవీ పెట్టుకుంటుంది, నేను వెళ్లి ఆపేస్తాను, కుళాయి వదిలేసి వస్తుంది, నేను వెళ్లి కట్టేస్తాను, మరదలి ఇల్లు బస్టాండు ఎదురుగా, తెల్లారిందగ్గర్నుంచీ హారన్లే, విశ్రాంతికి అక్కడికెవరైనా వెళ్తారా అని నిన్నంతా నాలో నేనే గొణుక్కున్నాను.

ఎందుకాపారు అంది గుమ్మంలో నిలబడి, ఒక చేతిలో సగం మడిచిన దుప్పటి, రెండో చెయ్యి చెవి మీద, ముఖం పాలిపోయి ఉంది, ఇది నువ్వే కలిపావా అన్నాను, కోప్పడకండి అంది, అది తిరుగుతుంటే నా చెవిలోది కొంచెం కిందికి పోతుంది, ఇల్లు ఎంత సద్దుమణిగితే అది అంత పైకొస్తుంది, చదివిన పేజీనే నాలుగుసార్లు చదువుతున్నాను, తప్పులు కనబడ్డం లేదు అంది, మరి నాకు చెప్పలేదేం అంటే, మీరంత ముచ్చటపడి చేస్తుంటే ఏమని చెప్పను, ఒకసారి చెప్పానుగా, తగ్గిపోతుందిలే అన్నారు అంది, ఆ గొంతులో దెప్పిపొడుపు లేదు, ఉంటే బావుండేది, నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

దారం విప్పి తీగను బోర్డు మీద దాని చోట గుచ్చాను, కంప్యూటరు వేసి ఆవిడను పక్కన కూర్చోబెట్టాను, వేడి సంగతి వదిలేసి ఆ ఒక్క ఫ్యానూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగేట్టు పెడతాను, నీకు సరిపోయే చోట ఆగమను అన్నాను, కళ్లు మూసుకుంది, నిమిషానికి నాలుగు వందల చుట్లు, తిరుగుతోందో లేదో తెలియదు, ఆరు వందలు, ఎనిమిది వందలు, ఇక్కడ ఆగమంటుందనుకున్నాను, ఆగమంటే బావుండుననుకున్నాను, తల అడ్డంగా ఊపింది, వెయ్యి, ఇంకా అంది, పన్నెండు వందలు, షాపుకి ఈ చప్పుడు భరించలేకే జనం వస్తారు, పదిహేను వందలు, ఇంకొంచెం, పదిహేడు వందల దగ్గర ఆవిడ భుజాలు వదులయ్యాయి, ఆఁ, ఇక్కడ, ఇప్పుడు వినిపించడం లేదు అంది, నిద్రలోకి జారుతున్న మనిషిలా అంది, రేపు వెళ్తుందో లేదో అడగాలనిపించలేదు, మౌసు వదిలేసి నేనూ కళ్లు మూసుకున్నాను, గదంతా నిండిన ఆ హోరును నా బతుకులో మొదటిసారి ఆపాలనుకోకుండా విన్నాను, ఇంత చప్పుడు మీద వేస్తే గానీ మునగనిది ఆవిడ తలలో ఎనిమిది నెలలుగా మోగుతోంది, నేనేమో ఇంట్లో ఒక్కో చప్పుడూ వెతికి వెతికి ఆపుతూ, ఆవిడను దానితో ఒంటరిగా వదిలేస్తూ వచ్చాను.